పీపాలో ఉన్న వైన్‌కి ముందే డబ్బు కట్టాలా? 2022 బోర్డో మీద ఒక కేస్ స్టడీ

సొంతానికి వైన్ కొని దాచుకునేవాళ్లకు సలహా ఇవ్వడం నా వృత్తి. లండన్‌లో ఉంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒక దంపతుల కేసు ఇక్కడ రాస్తున్నాను. వాళ్ల అనుమతి తీసుకున్నాను. ఊరు, ఉద్యోగం, కొన్న షాతోల (అంటే ద్రాక్ష పండించి వైన్ చేసే ఎస్టేట్ల) పేర్లు రాయడం లేదు. ధరలను కాస్త గుండ్రం చేశాను.

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్‌ని సీసాల్లోకి ఎక్కకముందే కొనేవాళ్లు ఎక్కువమంది నన్ను అడిగేది, "ఈ ఏటి వైన్ ఎంత బాగుంది?" అని. దానికంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అదే షాతో పాత వింటేజ్, అంటే పాత ఏడాది పంట వైన్, ఇప్పటికే సీసాలో ఉన్నది, ఈరోజు ఎంతకు దొరుకుతోంది? ఈ కేసులో రుచి చూడటం, బేరం, వడ్డీ లెక్క, కుటుంబ భావోద్వేగం అన్నీ చివరికి ఆ ప్రశ్న దగ్గరికే చేరాయి.

ఈ అమ్మకం ఎలా నడుస్తుందంటే

బోర్డోలో ద్రాక్ష సాధారణంగా సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో కోస్తారు. తర్వాతి వసంతంలో, వైన్ ఇంకా ఓక్ పీపాల్లో ఉండగానే, వ్యాపారులకూ విమర్శకులకూ రుచి చూపిస్తారు. ఆ పైన వారాల్లో, ముఖ్యంగా మే, జూన్‌లలో, ఒక్కో షాతో తన ధర ప్రకటిస్తుంది. కొనేవాళ్లు అప్పుడే మొత్తం డబ్బు కట్టాలి. వైన్ పీపాల్లో మాగడం పూర్తయి, సీసాల్లోకి ఎక్కి, గోదాంకి చేరేసరికి పంట కోసిన రోజు నుంచి రెండున్నర, మూడేళ్లు అవుతుంది. ఈ పద్ధతిని ఆన్ ప్రిమర్ అంటారు.

షాతో మనకు నేరుగా అమ్మదు. కుర్తియే అనే మధ్యవర్తి ఉంటాడు, ఆనవాయితీగా 2 శాతం తీసుకుంటాడు. ఆయన ద్వారా నెగోసియాన్ అనే టోకు వ్యాపారి కొంటాడు. అతని దగ్గర లండన్, హాంకాంగ్, న్యూయార్క్ వ్యాపారులు కొంటారు. ఈ మొత్తం వ్యవస్థను 'లా ప్లాస్' అంటారు. ఎవరికి ఎన్ని పెట్టెలన్నది కోటా ప్రకారం. ఈ ఏడాది తీసుకోకపోతే వచ్చే ఏడాది కోటా తగ్గుతుందన్న భయం పైనుంచి కిందిదాకా అందరికీ పాకుతుంది. చివర్లో ఉన్న కొనుగోలుదారుకు "ఈ మధ్యాహ్నంలోగా చెప్పండి" అనే మెయిల్‌గా అది అందుతుంది.

ఈ పద్ధతిలో లాభపడ్డవాళ్లు ఉన్నారు. ఆర్థిక సంక్షోభం నడుస్తుండగా 2009 వసంతంలో విడుదలైన 2008 వింటేజ్‌ని చాలా షాతోలు తగ్గించి అమ్మాయి. 2020లో లాక్‌డౌన్ మధ్యలో వచ్చిన 2019 వింటేజ్‌కి కూడా ముఖ్యమైన షాతోలు 20 నుంచి 30 శాతం దాకా తగ్గించాయి. ఆ రెండుసార్లూ కొన్నవాళ్లకు వైన్ బాగుంది, ధర కూడా కలిసొచ్చింది. కానీ 1855లో బోర్డో షాతోలను శ్రేణులుగా విభజించిన వర్గీకరణలో మొదటి శ్రేణికి చెందిన షాతో లతూర్, 2011 వింటేజ్ తర్వాత ఈ పద్ధతి నుంచే తప్పుకుంది. వైన్ తాగడానికి సిద్ధమయ్యాక తన సెల్లార్ నుంచే అమ్ముతానంది. పీపాలో ఉన్నప్పుడు అమ్మడం అందరికీ, అన్ని ఏళ్లలోనూ కుదిరే విషయం కాదని అమ్మేవాళ్లకే తెలుసు.

నేపథ్యం

ఈ దంపతులిద్దరూ నలభైల్లో ఉన్నవాళ్లు. ఆయనకు వైన్ మీద ఆసక్తి ఇంగ్లండ్ వచ్చాకే పుట్టింది. 2011 వేసవిలో, 2010 వింటేజ్ విడుదలైనప్పుడు, ఆయన మొదటిసారి ఆన్ ప్రిమర్‌లో కొన్నారు. ఒక మొదటి శ్రేణి షాతోవి రెండు పెట్టెలు, మరికొన్ని చిన్నవి. ఆ ఏడాది విమర్శకుల మార్కులు ఆకాశాన్ని తాకాయి. చైనా నుంచి గిరాకీ తారస్థాయిలో ఉంది. ధరలు కూడా అలాగే ఉన్నాయి. కొన్ని నెలల్లోనే మార్కెట్ దిగడం మొదలైంది. పదేళ్ల తర్వాత కూడా ఆ రెండు పెట్టెల విలువ ఆయన పెట్టిన డబ్బులో మూడింట రెండొంతుల దగ్గరే ఉంది.

వైన్ మాత్రం గొప్పది. ఆ మాట గట్టిగా చెప్పాలి. 2010 బోర్డో మన తరం చూసిన మంచి వింటేజ్‌లలో ఒకటి. గొప్ప వైన్ కొని కూడా నష్టపోవచ్చని ఆయనకు అనుభవం నేర్పింది. అయితే ఆయన దాన్నుంచి తీసుకున్న పాఠం వేరు: "అప్పుడు తప్పు షాతో ఎంచుకున్నాను, ఈసారి సరైనవి ఎంచుకుంటాను" అని.

వచ్చిన సమస్య

2023 వసంతంలో నా దగ్గరికి వచ్చారు. 2022 వింటేజ్ విడుదల దగ్గరపడుతోంది. చేతిలో 20,000 పౌండ్లు, ఒక వ్యాపారి పంపిన డజను పేర్ల జాబితా ఉన్నాయి. అంతకుముందే మార్కులు చూసి తొందరగా విడుదలైన రెండు వైన్లకు డబ్బు కట్టేశారు. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ల పాప 2022లో పుట్టింది.

"పాప పుట్టిన ఏడాది వైన్ ఇంత బాగా రావడం అదృష్టం కాదండీ? కొనకుండా ఎలా ఉంటాం?" అన్నారు ఆయన.

ఆవిడ అప్పటిదాకా మౌనంగా విన్నారు. తర్వాత ఒక్కటే అడిగారు: "పాపకి పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి తాగడానికి కొంటున్నామా, అమ్మడానికా?"

ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ప్రశ్న అది. తాగడానికైతే 2040లో బాగుండే వైన్ కావాలి, కొంచెం ఎక్కువ ధర పెట్టినా ఫర్వాలేదు. అమ్మడానికైతే ధర ఒక్కటే కొలమానం. ఆయన మనసులో రెండూ కలిసిపోయి ఉన్నాయి. వాటి కింద మూడోది ఒకటి ఉంది. 2010లో పోయిన డబ్బును 2022లో రాబట్టుకోవాలన్న ఆరాటం. దాన్ని ఆయన పైకి చెప్పలేదు. కానీ 2010 గురించి మాట్లాడిన ప్రతిసారీ సంభాషణ 2022 దగ్గరికే వచ్చింది.

అందుకే మొదట డబ్బును రెండు భాగాలు చేయమన్నాను. పాప కోసం ఒకటి, మిగతాది ఒకటి. రెండింటికీ వేర్వేరు నియమాలు. 2010 పెట్టెలను ఈ లెక్కలోకి అసలు తేవద్దన్నాను. వాటి గురించి విడిగా మాట్లాడదామని చెప్పాను.

మొదట ప్రయత్నించినవి, కుదరనివి

ఆయన పద్ధతి మార్కుల సగటు. నలుగురైదుగురు విమర్శకుల మార్కులు ఒక పట్టికలో వేసి, సగటు ఎక్కువ ఉన్నవాటిని కొనడం. ఆయన శ్రద్ధగా చేసిన పని కాబట్టి దాన్ని పక్కన పెట్టకుండా పరీక్షించాం. రెండు లోపాలు బయటపడ్డాయి. ఒకటి, పీపా దశలో విమర్శకులు ఒకే అంకె వేయరు, 100కి 95–97 అని ఒక పరిధి ఇస్తారు. జాబితాలో దాదాపు అన్నీ ఆ చుట్టూనే ఉన్నాయి. అంత దగ్గరగా ఉన్న అంకెల సగటుతో ఎంపిక జరగదు. రెండోది ఇంకా ముఖ్యం. చాలా షాతోలు ధర ప్రకటించేది మార్కులు వచ్చాకే. అంటే ఆ మార్కు మనకు తెలిసేసరికి ధరలో కలిసిపోయి ఉంటుంది. అమ్మేవాడికి తెలిసిన రహస్యంతో కొనేవాడికి లాభం రాదు.

రెండో ప్రయత్నం, తొందరపడకుండా ఆగడం. షాతోలు తమ వైన్‌ని కొన్నిసార్లు విడతలుగా విడుదల చేస్తాయి. మొదటి విడత అమ్ముడుపోకపోతే ధర దిగుతుందేమోనని ఒక సాన్ జూలియాన్ వైన్ విషయంలో (ఇది, తర్వాత వచ్చే పోమెరోల్, మార్గో లాంటివి బోర్డోలోని ఊళ్ల పేర్లు) ఆగి చూశాం. రెండో విడత ఇంకా ఎక్కువ ధరకు వచ్చింది. ఒకే సీజన్లో షాతో తన ధర తగ్గించుకోవడం దాదాపు జరగదు. తగ్గిస్తే మొదట కొన్న నెగోసియాన్లు అందరూ నష్టపోతారు, మరుసటి ఏడాది ఎవరూ ముందుకు రారు. ధర దిగాల్సి వస్తే అది తర్వాత, సీసాలు చేతులు మారే మార్కెట్లో దిగుతుంది. కాబట్టి వారాలు ఆగడం వల్ల ఉపయోగం లేదు. ఆగితే ఏళ్లు ఆగాలి.

మూడోది, వ్యాపారితో బేరం. ఆయన బాగా కోరుకున్న ఒక పోమెరోల్ వైన్ దొరకాలంటే 2021 వింటేజ్ పెట్టెలు కొన్ని కూడా తీసుకోవాలన్నాడు వ్యాపారి. ఏప్రిల్ మంచు దెబ్బ తిన్న, చల్లటి, తడి సంవత్సరం 2021. ధరలు అందుకు తగ్గట్టు తగ్గలేదు, సరుకు చాలామంది దగ్గర నిలిచిపోయింది. ఇలా ముడిపెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. ఆయన సరేననడానికి సిద్ధపడ్డారు. ఆ 2021 పెట్టెలను మరునాడే అమ్మితే వచ్చేది లెక్కేసి, నష్టాన్ని పోమెరోల్ ధరకు కలిపి చూపించాను. కోరుకున్న వైన్ దాదాపు ఐదో వంతు ఖరీదెక్కింది. ఒప్పుకోలేదు. అదే వైన్ తర్వాత వేరే వ్యాపారి దగ్గర, ఏ ముడీ లేకుండా దొరికింది.

పీపా నమూనా రుచి చూడటం

ఏప్రిల్‌లో బోర్డో వెళ్లి రుచి చూడటం నా పని. ఆ వారం వ్యాపారులకే, బయటివాళ్లకు సాధారణంగా ప్రవేశం ఉండదు. ఆ దంపతులకు నా రాతలే ఆధారం. అందుకే నేను దేన్ని చూస్తానో వాళ్లకు ముందే వివరించాను.

ఆవకాయ కలిపిన రోజు జాడీలోంచి వేలికి తీసుకుని రుచి చూసేవాళ్లు ఉప్పు, కారం సరిపడ్డాయా అనే చూస్తారు. ముక్క ఊరాక వచ్చే రుచి ఆ రోజు అందులో ఉండదు. ఆరు నెలల వైన్ కూడా అంతే. నోటికి హాయిగా ఉందా లేదా అన్నది అప్పుడు దాదాపు అనవసరం. దినుసులు సరిపోయాయా అన్నదే చూడాలి. నేను మొదట చూసేది వగరు. టానిన్ (ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే పదార్థం) వగరు చిగుళ్ల మీద గరుకుగా, ఎండుగా పట్టుకుంటే అది మాగినా పూర్తిగా మెత్తబడకపోవచ్చు. ఎంత బలంగా ఉన్నా బుగ్గల వెంట సమంగా పరచుకుంటే కాలం దాన్ని చక్కబరుస్తుంది. తర్వాత పులుపు: వైన్ ఉమ్మేశాక నోట్లో నీళ్లూరుతున్నాయా, లేక బరువుగా ఆగిపోయిందా. తర్వాత పండు: తాజా నల్ల పండ్ల వాసనా, ఎండుద్రాక్ష, జామ్ వాసనా. ఓక్ వాసన గురించి అప్పటికి పెద్దగా పట్టించుకోను. కొత్త పీపా ఘాటు తగ్గడానికి ఇంకా చాలా సమయం ఉంటుంది.

నమూనా మీద కూడా అనుమానం ఉండాలి. కొన్ని షాతోలు జనవరి, ఫిబ్రవరిలోనే మెర్లో, కాబర్నే ద్రాక్ష రకాల వైన్లను తుది పాళ్లలో కలిపేస్తాయి. అలాంటి చోట నమూనా చివరి వైన్‌కి దగ్గరగా ఉంటుంది. కొన్ని చోట్ల వేర్వేరుగా మాగబెట్టి చివర్లో కలుపుతారు. అక్కడ మనం రుచి చూసేది ఒక అంచనా మాత్రమే. పిండిన తొక్కల నుంచి వచ్చే ప్రెస్ వైన్ ఎంత కలుపుతారో అప్పటికి తేలకపోవచ్చు. నమూనా సీసాలోకి తీశాక గంటల్లోనే గాలి తగిలి డీలా పడుతుంది. ఆకాశం తేటగా, వాతావరణ పీడనం ఎక్కువగా ఉన్న రోజున వైన్ బాగా పలుకుతుందని అక్కడి సెల్లార్ మనుషులు గట్టిగా నమ్ముతారు. అందుకే ముఖ్యమైన ప్రతి వైన్‌నీ కనీసం రెండు చోట్ల రుచి చూస్తాను. ఒకసారి షాతోలో, ఒకసారి యూనియన్ దే గ్రాన్ క్రూ అనే షాతోల సంఘం నిర్వహించే సామూహిక రుచి ప్రదర్శనలో.

2022 గురించి అందరికీ ఉన్న భయం ఎండ. ఆ వేసవి బోర్డోలో కరువు, వడగాలులు. జూలైలో లా తెస్త్ దె బూష్, లాందిరాస్ దగ్గర అడవులు రోజుల తరబడి తగలబడ్డాయి. కోత కూడా ముందే మొదలైంది. ఉడికిన పండు రుచి వస్తుందనుకుని వెళ్లాను. చాలా చోట్ల తాజాదనం ఉంది. సాంతెమిల్యోన్ సున్నపురాయి పీఠభూమి మీద, తేమ నిలుపుకున్న బంకమట్టి మీద పెరిగిన తీగలు ఎండను తట్టుకున్నాయి. తేలికపాటి ఇసుక, గులకరాయి నేలల్లో, ముఖ్యంగా లేత తీగల దగ్గర, కొన్ని వైన్లలో వగరు చివర ఎండిపోయినట్టు అనిపించింది. చిన్న ద్రాక్షపండ్లు, మందమైన తొక్కలు, అందువల్ల టానిన్ ఎక్కువ. బాగున్నవి నిజంగా చాలా బాగున్నాయి.

ఒక మార్గో వైన్ దగ్గర చిక్కు వచ్చింది. షాతోలో పోసింది అద్భుతం. అదే వారం సామూహిక ప్రదర్శనలో అదే పేరు కింద పోసింది చప్పగా, చివర ఎండుగా ఉంది. ఏది నిజం? రెండోది ఉదయం నుంచి తెరిచి ఉన్న సీసా కావచ్చు. మొదటిది మంచి పీపా నుంచి ఎంచి తీసిందైనా కావచ్చు. మూడోసారి ఒక నెగోసియాన్ దగ్గర రుచి చూశాను. రెండింటికీ మధ్యలో ఉంది. ఇలాంటప్పుడు చాలామంది తమకు నచ్చిన రుచినే నిజమనుకుంటారు. నేను రాసింది: "తెలియదు. సీసాలోకి వచ్చాక చూద్దాం."

ఆయనకు ఇది నచ్చలేదు. మార్కులు గొప్పగా ఉన్న వైన్ అది. "మీకే తెలియకపోతే ఎలాగండీ?" అన్నారు. తెలియకపోవడం కూడా ఒక సమాచారమే అన్నాను. ఆ అనిశ్చితిని కొనేవాళ్లు మోయాలంటే షాతో ధర తగ్గించాలి. తగ్గించకపోతే ఆ రిస్కు షాతో దగ్గరే ఉండనివ్వాలి.

పనిచేసిన పద్ధతి

డజను పేర్లకూ కొత్త పట్టిక వేశాం. ఒక్కో షాతోకి 2022 విడుదల ధర ఒక వరుసలో, దాని పక్కన అదే షాతో 2016, 2018, 2019, 2020 సీసాలు ఆరోజు మార్కెట్లో ఎంతకు దొరుకుతున్నాయో. అన్నీ ఇన్ బాండ్ ధరలే, అంటే సుంకం, వ్యాట్ కట్టని బాండెడ్ గోదాం ధరలు. ఈ తేడా దగ్గర ఆయన అంతకుముందు పొరపడ్డారు. దుకాణంలో పాత వింటేజ్ ధర చూసి, ఆన్ ప్రిమర్ చౌక అనుకున్నారు. దుకాణం ధరలో 20 శాతం వ్యాట్, సీసాకు సుంకం కలిసి ఉంటాయి. ఆన్ ప్రిమర్ ధరలో అవి లేవు, తర్వాత సీసాలు గోదాం నుంచి బయటికి తెచ్చుకునేటప్పుడు కట్టాల్సిందే.

తర్వాత వడ్డీ. 2023 మేలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 4.5 శాతం. వైన్ చేతికొచ్చేది రెండేళ్లకు పైనే. అంటే కట్టిన డబ్బు మీద దాదాపు 10 శాతం వడ్డీ పోతుంది. వడ్డీ రేట్లు సున్నాకి దగ్గరగా ఉన్న రోజుల్లో ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోలేదు, తీసుకోకపోయినా నడిచింది. 2023లో ఆ రోజులు పోయాయి, కానీ అలవాటు పోలేదు.

ఆ సాన్ జూలియాన్ వైన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. 2022 ఆరు సీసాల పెట్టె విడుదల ధర 600 పౌండ్లు. వడ్డీ కలిపితే 660. అదే షాతో 2016 సీసాలో సిద్ధంగా ఉన్నది 540కి, 2019 ఇంకా తక్కువకి, 500కి దొరుకుతున్నాయి. 2016 ఏ కొలమానంతో చూసినా 2022కి తీసిపోయే వింటేజ్ కాదు. పైగా ఏడేళ్ల వయసుంది, ఎలా మాగుతోందో తెలుసు, పీపా నమూనా అనుమానాలు లేవు. ఈ అంకెలు పక్కపక్కన చూశాక ఆయనే పెన్ను తీసుకుని 2022 మీద గీత కొట్టారు.

నియమం ఇలా పెట్టుకున్నాం: విడుదల ధరకు పదో వంతు కలిపినా, అదే స్థాయి పాత వింటేజ్ కంటే తక్కువకే రావాలి. లేదా, తర్వాత దొరకనంత అరుదైనదై ఉండాలి. బోర్డోలోని మెదోక్ ప్రాంతంలో పెద్ద షాతోలు ఏటా వేల పెట్టెలు చేస్తాయి. వాటికి 'ఇప్పుడు కాకపోతే మరెప్పుడూ దొరకదు' అన్న మాట వర్తించదు. కొన్ని వందల పెట్టెలే చేసే పోమెరోల్ చిన్న షాతోలకు వర్తిస్తుంది. డజను పేర్లలో ఈ నియమానికి నిలిచినవి మూడే. అందులో ఆ పోమెరోల్ ఒకటి.

పాప కోసం పెట్టిన డబ్బుకు నియమం వేరు అన్నాను కదా. అక్కడ ఆన్ ప్రిమర్‌కి నిజమైన బలం ఉంది. వైన్ ఇంకా సీసాల్లోకి ఎక్కలేదు కాబట్టి మ్యాగ్నమ్ కావాలని, అంటే ఒకటిన్నర లీటర్ల సీసాలు కావాలని, ముందే అడగవచ్చు. పెద్ద సీసాలో వైన్ నెమ్మదిగా మాగుతుంది. పద్దెనిమిది, పాతికేళ్లు ఉంచాలనుకునేవాళ్లకు ఇది చాలా మంచిది. తర్వాత మార్కెట్లో మ్యాగ్నమ్‌లు వెతికి పట్టుకోవడం కష్టం. ఒక సాంతెస్టెఫ్, ఒక పొయ్యాక్, సున్నపురాయి నేల మీది ఒక సాంతెమిల్యోన్, ఈ మూడింటి మ్యాగ్నమ్‌లు తీసుకున్నాం. మూడింటిలోనూ వగరు పుష్కలంగా, పులుపు నిలకడగా ఉన్నాయి. పీపా దశలో హాయిగా అనిపించిన వైన్లు కావు. పొయ్యాక్ అయితే ఆవిడకు నా రాతలో "ఇప్పుడు తాగితే ముఖం చిట్లిస్తారు" అని చెప్పాల్సి వచ్చింది. 2040కి కావాల్సింది అలాంటిదే.

మిగిలిన డబ్బులో సగంతో 2014, 2016, 2019 సీసాలు కొన్నాం. 2014 మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఆర్భాటం లేని వింటేజ్, ధర కూడా అలాగే ఉండేది, ఇప్పుడే తాగొచ్చు. మిగతా సగం బ్యాంకులోనే ఉంచాం. ఆయనకు ఇది అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. కేటాయించిన డబ్బు ఖర్చు కాకపోతే పని సగంలో ఆగినట్టు అనిపిస్తుందన్నారు.

ఎవరికి కడుతున్నామన్నది

ఆన్ ప్రిమర్‌లో డబ్బు కట్టిన రోజున మన పేరు మీద ఏ సీసా ఉండదు. మధ్యలో వ్యాపారి దివాళా తీస్తే మనం అప్పులవాళ్ల వరుసలో చివర నిలబడాలి. 2016లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక పేరున్న వైన్ వ్యాపారం ఇలాగే కూలింది. రాబోయే వైన్లు అమ్మి, కొత్తవాళ్ల డబ్బుతో పాతవాళ్ల ఆర్డర్లు తీర్చుకుంటూ వచ్చింది. యజమాని జైలుకెళ్లాడు, చాలామంది కొనుగోలుదారులకు వైన్ రాలేదు.

కాబట్టి వ్యాపారిని ఎంచేటప్పుడు ధరలో రెండు శాతం తేడా చూడొద్దని చెప్పాను. నెగోసియాన్ నుంచి కోటా ఖరారైందా అని రాతపూర్వకంగా అడిగాం. బాండెడ్ గోదాంలో ఖాతా వ్యాపారి పేరు మీద కాకుండా ఈ దంపతుల పేరు మీద తెరిపించాం. వైన్ దిగాక దాని రొటేషన్ నంబర్, అంటే గోదాం ఆ సరుకుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, తెప్పించుకోవాలని క్యాలెండర్లో రాయించాను. ఒక వ్యాపారి ఈ ప్రశ్నలకు విసుక్కున్నాడు. అక్కడ కొనలేదు.

ఆయనకు కొన్ని సీసాలు హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంట్లో ఉంచాలన్న ఆలోచన కూడా ఉండేది. అప్పటికి భారత్‌లో వైన్ దిగుమతి సుంకం 150 శాతం, దాని మీద రాష్ట్ర పన్నులు. ప్రయాణికుడిగా సుంకం లేకుండా తీసుకెళ్లగలిగేది రెండు లీటర్లు, అంటే మామూలు సీసాలు రెండు లేదా మ్యాగ్నమ్ ఒకటి. అదైనా వెళ్లిన రోజుల్లోనే తాగేయడానికి. మే నెల ఎండలో, కరెంటు పోయే ఇంట్లో ఇరవై ఏళ్లు ఉంచాల్సిన వైన్ పెట్టడం దాన్ని వండినట్టే అవుతుంది. ఆ ఆలోచన అక్కడితో ఆపేశారు.

2010 పెట్టెలు

విడిగా మాట్లాడదామన్నది ఇదే. "ఈ రెండు పెట్టెలూ ఈరోజు మీ దగ్గర లేవనుకోండి. చేతిలో ఆ డబ్బు ఉంటే, ఇదే ధరకు రెండూ కొంటారా?" అని అడిగాను. ఒకటి కొంటానన్నారు, తాగడానికి. అయితే రెండోది అమ్మేయాలి. పదో వంతు కమీషన్ పోయింది, నష్టం కాగితం మీద నుంచి బ్యాంకు ఖాతాలోకి వచ్చింది. ఆరోజు ఆయన బాధపడ్డారు. ఆ బాధ సహజమే. కానీ ఆ తర్వాత ఆయన నోట 'రాబట్టుకోవాలి' అన్న ధోరణి మళ్లీ రాలేదు. మిగిలిన పెట్టెలోంచి ఒక సీసా ఇద్దరూ తెరిచారు. పన్నెండేళ్ల ఆ వైన్ తెరిచి కొన్ని గంటలు డికాంటర్ అనే గాజు కూజాలో ఉంచాక విప్పుకుంది. తాము డబ్బు పెట్టింది దేనికో అప్పుడు తెలిసిందన్నారు ఆవిడ.

తర్వాత ఏమైంది

2023లోనే మార్కెట్ దిగడం మొదలై, 2024లోనూ దిగింది. 2024 వసంతంలో 2023 వింటేజ్ విడుదలైనప్పుడు చాలా షాతోలు 20 నుంచి 30 శాతం, కొన్ని ఇంకా ఎక్కువ తగ్గించాయి. బ్యాంకులో ఉంచిన డబ్బులోంచి ఆ ఏడాది పట్టికకు నిలిచిన ఒకటి రెండు వైన్లు కొన్నాం. 2025లో 2022 సీసాలు గోదాంకి దిగేసరికి వాటిలో చాలావాటిని విడుదల ధరకో, అంతకంటే తక్కువకో కొనగలిగే స్థితి. ఆయన నన్ను కలవకముందు మార్కులు చూసి కొన్న రెండూ అందులో ఉన్నాయి. నియమానికి నిలిచిన మూడింటిలో పోమెరోల్ ధర పెరిగింది, ఒకటి అలాగే ఉంది, ఒకటి కొంచెం తగ్గింది. మార్కెట్ మొత్తం పడుతున్నప్పుడు పట్టిక నష్టాన్ని పూర్తిగా ఆపలేదు, చిన్నది చేసింది.

ఆ మార్గో వైన్‌ని సీసాలో రుచి చూశాను. చాలా బాగుంది, షాతోలో పోసిందే నిజానికి దగ్గర. ధర మాత్రం విడుదల నాటికంటే తక్కువ. ఆగినందుకు మాకు ఖర్చేమీ కాలేదు, రెండేళ్ల వడ్డీ మిగిలింది. ఒక పెట్టె తీసుకున్నాం.

ఈ కేసు నుంచి నా పనిలో మారినవి

కొత్తగా వచ్చేవాళ్లను ఇప్పుడు జాబితా చూపించమని అడగను. తాగడానికా, అమ్మడానికా అని ఇంట్లో ఇద్దరినీ విడివిడిగా అడుగుతాను. చాలాసార్లు రెండు వేర్వేరు జవాబులు వస్తాయి. రుచి రాతల్లో 'తెలియదు' అన్న వర్గాన్ని పెద్దదిగా ఉంచుతున్నాను. వడ్డీ లేకుండా ఏ పట్టికా పంపను. పుట్టిన ఏడాది వైన్ అడిగేవాళ్లకు మొదట సీసా పరిమాణం గురించి మాట్లాడతాను, తర్వాతే షాతో గురించి. పిల్లలు పుట్టింది బలహీనమైన ఏడాది అయితే పెద్దగా బాధపడొద్దని కూడా చెబుతాను. ఆ ఏడాదిలో బాగా వచ్చిన ఒకటి రెండు షాతోలు ఎప్పుడూ ఉంటాయి, వాటిని సీసాలోకి వచ్చాక తీరిగ్గా వెతకొచ్చు.

విమర్శకుల మార్కులు మాత్రం ఇప్పటికీ చదువుతాను. నేను రుచి చూడలేకపోయిన వైన్లకు అవే దారి, మంచి విమర్శకులు నాకంటే ఎక్కువ వైన్లను ఎక్కువసార్లు చూస్తారు. ధర ఎంతైతే కొనాలన్నది చెప్పడం వాళ్ల పని కాదు.

2025లో 2024 వింటేజ్ విడుదలైనప్పుడు ఆయనే పట్టిక నింపి పంపారు. తడి ఏడాది, తెగుళ్లు, దిగుబడి తక్కువ, ధరలు మళ్లీ తగ్గాయి. రెండు పేర్ల పక్కన టిక్ పెట్టారు. ఒకదానికి వడ్డీ కలపడం మర్చిపోయారని గుర్తుచేశాను, కలిపాక అది నిలవలేదు. రెండోదాన్ని కొనమన్నాను. ఆవిడ గోదాం అద్దె బిల్లు ముందు పెట్టి, ముందు 2014లు కొన్ని తాగి చోటు చేయండి, తర్వాత చూద్దాం అన్నారు. ఆ వేసవి వాళ్లేమీ కొనలేదు.